మండువా లోగిలియు గణనయంత్రమును

ధవళేశ్వరము దాటిన పిమ్మట గోదావరి గౌతమీ వసిష్ఠలుగా చీలి సముద్రాభిముఖముగా సాగిపోవుచుండగా, ఆ రెండు పాయల నడుమ ఏర్పడిన త్రికోణభూమికి శిరోభాగమున ఆత్రేయపురము నెలకొనియున్నది. ఆర్థర్ కాటన్ 1847లో ఆరంభించిన ఆనకట్ట 1852 నాటికి ముగిసి, బొబ్బర్లంక వద్ద తలయెత్తిన మధ్యడెల్టా కాలువ లొల్ల లాకుల వద్ద శాఖోపశాఖలై కోనసీమనంతటిని తడుపనారంభించిన నాటినుండి ఈ భూమికి వరిచేలును, కొబ్బరితోటలును, అరటితోటలును ఐశ్వర్యములైనవి. ఆ నీరే, ఆ పచ్చదనమే వేసవిలో మరియొక ఫలమును గూడ ఇచ్చినవి: గాలిలో ఎడతెగని తేమ. ఇచ్చటి వేసవి రాయలసీమ వేసవివలె ఒడలిని కాల్చునది కాదు. పట్టిన చెమటను ఆరనీయక మనుష్యుని నిస్త్రాణుని చేయునది. అట్టి ఉక్కలో మనుష్యుడు తన యింటిని చల్లగా ఉంచుకొనుటకు ఏమి చేసెను, ఆ విద్యయే దేశాంతరములందు లెక్కలుగా మారి గణనయంత్రములోనికి ఎట్లు ప్రవేశించెను, ఆ లెక్కలు తిరిగి మన యిండ్లకు ఎంతవరకు పనికివచ్చును అను విషయములను ఈ వ్యాసమున విచారింపదలచితిని.

ముందుగా ఇచ్చటి సూర్యగమనమును గమనింపవలయును. ఆత్రేయపురము ఉత్తర అక్షాంశము 17 డిగ్రీలకు కొంచెము దక్షిణముగా నున్నది గనుక, మే మొదటి పక్షమున నొకమారును, ఆగస్టు మొదటి వారమున మరియొకమారును మధ్యాహ్నసూర్యుడు సరిగా నడినెత్తిమీదికి వచ్చును. ఆ రెంటి నడుమ రోహిణీకార్తె మొదలుకొని ఆషాఢము వరకు మిట్టమధ్యాహ్నమున సైతము ఆయన ఇంటికి ఉత్తరపు వైపుననే యుండును. కావున మండువేసవిలో గోడలకంటె కప్పే యెక్కువ ఎండను భరింపవలసియుండును; తూర్పు పడమటి గోడలకు ఉదయాస్తమయముల యేటవాలు కిరణములు తగులును; దక్షిణపు గోడ మాత్రము వేసవిలో నీడపట్టున నిలుచును. పొడినేలలందు వట్టివేళ్ళ తెరలు కట్టి నీరు చల్లినచో గాలి చల్లబడును. హైదరాబాదు నివాసులకు ఆ సుఖము చిరపరిచితము. కోనసీమలో గాలి ముందే తేమతో నిండియుండుటచే ఆ యుపాయము అంతగా ఫలింపదు. ఇచ్చట దేహమునకు ఊరట నొసగునవి రెండే: తలపై చిక్కని నీడ, ఒంటిమీదుగా సాగిపోవు గాలి.

ఈ రెండు సత్యములను మన పూర్వులు ఏ గ్రంథమునను చదివి తెలిసికొన్నవారు కారు గాని, వారు కట్టిన మండువా లోగిలి ఆ సత్యములకు రూపకల్పనయే. నలుదిక్కుల గదులు, నడుమ ఆకాశము కనబడు మండువా, దాని చుట్టును స్తంభముల వరుసపై నిలిచిన పంచ, వీధివైపున ఎత్తైన అరుగు, వెనుకవైపున పెరడు: ఈ యమరికలో వీథిగుమ్మము మొదలుకొని పెరటిగుమ్మము వరకు ద్వారములన్నియు నొకే వరుసను నిలుచుటచే, ఏ మూలనుండి గాలి వీచినను అది ఇల్లంతయు పరామర్శించి గాని వెలికి పోదు. ముంజూరు క్రిందికి వ్రాలియుండుటచే గోడకు ఎండయు వానయు తగులవు. వేడెక్కిన గాలి మండువా గుండ పైకి లేచిపోవగా, ఆ ఖాళీని పూరించుటకు తోటల నీడలో చల్లబడిన గాలి లోపలికి వచ్చును. పైకప్పున వాసములపై పఱచిన గూనపెంకులు పలుచనివి, సందులు గలవి. పగలు ఎంత కాగినను ప్రొద్దు క్రుంకిన కొలది సేపటికే చల్లారును, వాటి సందుల గుండ అటకలోని వేడిగాలి నిరంతరము జారిపోవును. పేదవాని తాటాకిల్లు ఈ విషయమున లోగిలికి తీసిపోదు. దళసరిగా నేసిన తాటికమ్మ వేడిని అడ్డుటలో పెంకునకు మించినదని చెప్పవచ్చును.

అయినను ఆ యిండ్లు నిలువలేదు. అగ్నిభయము తాటాకిల్లును వెన్నాడెను. 1996 నవంబరు 6వ తేదీ రాత్రి కోనసీమను తాకిన తుపాను కొబ్బరిచెట్లను కూకటివ్రేళ్ళతో పెకలించి, పెంకులను ఆకులవలె ఎగురగొట్టెను. టేకుదూలముల వెల సామాన్యునకు అందకుండపోయెను. ఉమ్మడికుటుంబములు విడిపోయి, లోగిలి నిలిచిన స్థలము వాటాలయ్యెను. ప్రాణరక్షణకై శ్లాబు ఇల్లు కోరుకొన్నవానిని తప్పుపట్టుట ధర్మము కాదు. కాని నాలుగైదు అంగుళముల కాంక్రీటు శ్లాబు పగలెల్ల ఎండను త్రాగి, సాయంకాలము మొదలుకొని దానిని క్రింద పరుండినవారిపై క్రుమ్మరించును. తుపానునుండి కాపాడిన కప్పే వేసవిరాత్రి నిద్రను హరించును. ఈ చిక్కును విప్పుట తాతల అనుభవమున లేదు, ఏలనన శ్లాబు వారెరుగనిది. నూతన పదార్థముతో నూతనముగా కట్టిన యింటికి నూతనముగా లెక్క వేయవలసివచ్చినది.

ఆ లెక్కల కథ చాల దూరమున ఆరంభమైనది. 1902లో న్యూయార్కు నగరము బ్రూక్లిన్‌లోని యొక ముద్రణాలయమున వేసవి తేమకు కాగితము ఉబ్బుచు, కుంచించుకొనుచు, ఒకదానిపై నొకటి అచ్చువేయవలసిన రంగులను తప్పించుచుండగా, విల్లిస్ కారియర్ అను యువ ఇంజనీరు గాలిలోని తేమను నియమించు యంత్రమును రూపొందించెను. 1911లో ఆయన ప్రకటించిన సూత్రములును, వాటిని బట్టి గీచిన పటమును నేటికిని శీతలీకరణశాస్త్రమునకు ప్రాతిపదికలు: గాలి యెంత వేడిగా నున్నది, అందు తేమ యెంత, దానిని చల్లబరచుటకు ఎంత శక్తి వ్యయమగును అను ప్రశ్నలకు ఆ యొక్క పటముననే సమాధానము దొరకును. తేమకు లొంగు కాగితము సమస్యగా మొదలైన ఈ శాస్త్రము, కాగితము కంటెను సుకుమారమైన పూతరేకును చేయు ఆత్రేయపురవాసులకు పరాయిది కానేరదు. రేకు పెళుసుదనమునకును గాలిలోని తేమకును గల వైరము వారికి నిత్యానుభవమే.

కాని యంత్రమును నిర్మించుట వేరు, ఒక భవనమునకు ఎంత యంత్రము కావలయునో తెలిసికొనుట వేరు. ఎండ గంట గంటకును మారును. గోడ ఆ వేడిని వెంటనే లోనికి పంపక, తన మందమును బట్టి కొన్ని గంటలు నిలువజేసికొని పంపును. 1944లో మాకీ, రైట్ అను అమెరికను శాస్త్రజ్ఞులు ఎండయు బయటి గాలియు కలిసి గోడకు కలిగించు తాపమును ఒకే కల్పిత ఉష్ణోగ్రతగా లెక్కించు పద్ధతిని ప్రతిపాదించిరి. అయినను చేతితో లెక్కవేయు ఇంజనీరు సంవత్సరములోని మిక్కిలి వేడియైన దినము నొక్కదానిని ఎన్నుకొని, దానిపై కొంత అదనము చేర్చి, పెద్ద యంత్రమును అమర్చుటయే గాని, సంవత్సరమంతయు ఎంత శక్తి ఖర్చగునో చెప్పజాలకుండెను. 1967లో కెనడా జాతీయ పరిశోధన మండలికి చెందిన మిటాలాస్, స్టీఫెన్‌సన్ అనువారు గోడ యొక్క తాపస్మృతిని ఒక సంఖ్యాశ్రేణిగా మార్చి, దానిని గణనయంత్రము సులభముగా గుణించి కూడుకొనునట్లు చేయుటతో ఆ యాటంకము తొలగెను. 1973లో చమురుసంక్షోభము పాశ్చాత్యదేశములను కుదిపివేయగా, అంతవరకు పండితుల వినోదముగా నున్న ఈ గణనలు రాజ్యావసరములయ్యెను. 1975లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయమున ట్రాన్సిస్, 1977లో అమెరికా సైన్యపు నిర్మాణపరిశోధనాలయమున బ్లాస్ట్, ఆ దశాబ్దాంతమున బర్క్‌లీ ప్రయోగశాలలో డీవోఈ-2 అను సాఫ్ట్‌వేర్లు అవతరించెను. చివరి రెంటి సారమును గ్రహించి, 2001 ఏప్రిల్‌లో వెలువడిన ఎనర్జీప్లస్ నేడు ప్రపంచమంతటను ఉచితముగా లభించుచున్నది.

ఇట్టి సాఫ్ట్‌వేర్ చేయు పని స్థూలముగా నిట్లుండును. భవనమును గదులుగా విభజించి, ప్రతి గోడ, కప్పు, కిటికీ యొక్క కొలతలను, పదార్థములను, దిక్కును దానికి చెప్పుదుము. ఆ ప్రదేశపు సంవత్సరమును 8760 గంటలుగా విడదీసి, ప్రతి గంటకును గల ఉష్ణోగ్రతను, తేమను, ఎండను, గాలిని అందింతుము. ఎందరు మనుష్యులు ఏ వేళ ఆ గదిలో నుందురో, ఏ దీపములు వెలుగునో, ఏ పొయ్యి మండునో తెలుపుదుము. కూర్చున్న మనుష్యుడొక్కడు సుమారు 100 వాట్ల వేడిని వెలువరించును గనుక ఆ లెక్కయు విడువరానిది. అంతట అది గంట గంటకును వచ్చిన వేడిని, పోయిన వేడిని, నిలిచిన వేడిని సరిచూచుకొనుచు, గదిలోని తాపమును, దానిని తగ్గించుటకు కావలసిన విద్యుత్తును చెప్పును. చూరు ఒక మూర పెంచినచో నేమగును, కప్పుకు తెల్లరంగు వేసినచో నేమగును అని ఇల్లు కట్టకమునుపే అడిగి తెలిసికొనవచ్చును. అయితే అడిగినదానికే అది బదులు చెప్పును, చెప్పినదానినే అది నమ్మును. కొలువబడని గోడను, గమనింపబడని గాలిని, విచారింపబడని మనుష్యుని అది ఎరుగదు. ఈ సాధనముల చరిత్రలో మనకు సంబంధించిన సారాంశ మిదియే.

మనుష్యుని విషయముననే మొదట ఈ లోపము బయటపడెను. 1970లో డెన్మార్కు శాస్త్రజ్ఞుడు ఫాంగర్ ప్రకటించిన సుఖసూత్రము అమెరికా, డెన్మార్కు విద్యార్థులను నియంత్రితమైన గదులలో కూర్చుండబెట్టి చేసిన ప్రయోగములపై ఆధారపడినది. ఆ సంప్రదాయమును బట్టియే మన భవననియమావళి సైతము 23 మొదలు 26 డిగ్రీల వరకు సుఖప్రదమని నిర్ణయించియుండెను. 2008 వేసవి, వర్షర్తువులందు ఇంద్రగంటి మాధవి హైదరాబాదులోని అపార్టుమెంట్లకు వెళ్ళి, నూటికి పైబడిన నివాసులను వారి వారి యిండ్లలోనే ప్రశ్నించి, అదే క్షణమున గదిలోని తాపమును, తేమను, గాలివేగమును కొలిచిరి. 29.23 డిగ్రీల వద్ద వారికి వేడియు చలియు తోచలేదనియు, 26 మొదలు 32.45 డిగ్రీల వరకు వారు హాయిగా నుండగలిగిరనియు ఆ పరిశోధనలో తేలెను. ఫంకా తిరుగుచు, కిటికీ తెరచియుండి, ఒంటిపై నూలుబట్టయున్న తెలుగుగృహస్థుని సుఖము ఆ నియమావళిలోని అంకెలలో ఒదుగదని దీనివలన స్పష్టమైనది. తరువాత 2014లో అహమ్మదాబాదు సెప్ట్ విశ్వవిద్యాలయమువారు దేశములోని వేర్వేరు శీతోష్ణములందు కార్యాలయములను పరిశీలించి రూపొందించిన భారతీయ సుఖప్రమాణము 2016 జాతీయ భవననియమావళిలో చోటు చేసికొనెను. 26 డిగ్రీలకును 29 డిగ్రీలకును నడుమనున్న మూడు డిగ్రీల భేదము స్వల్పముగా తోచవచ్చును; కాని ఎయిర్ కండిషనర్ ఎంతసేపు నడువవలయు ననునది ఆ మూడు డిగ్రీలపైననే ఆధారపడియున్నది.

హైదరాబాదు ఈ విద్యకు మన దేశమున ముఖ్యస్థానమైనది. 2004 జూలై 14వ తేదీన రాష్ట్రపతి అబ్దుల్ కలాముచే ప్రారంభింపబడిన సీఐఐ - సొరాబ్జీ గోద్రెజ్ హరితవాణిజ్యకేంద్రము, హరితభవనములకు ఇచ్చు లీడ్ ప్లాటినం శ్రేణిని అమెరికా వెలుపల పొందిన మొట్టమొదటి భవనము; అది వర్తులాకారమున నుండి, నడుమ ముంగిలి గలిగి, గాలిగోపురముల గుండ గాలిని ముందుగా చల్లార్చి లోనికి పంపును. నడిముంగిలి విలువను మండువా లోగిలి యెరిగినవారికి వేరుగా చెప్పవలసిన పని లేదు. నగరశివారు పోచారములో ఇన్ఫోసిస్ సంస్థ ఒక భవనమును సమభాగములుగా చేసి, ఒక భాగమున వాడుకలోనున్న చల్లగాలి పద్ధతిని, రెండవ భాగమున కప్పులో చల్లని నీటిగొట్టములు పొదిగిన పద్ధతిని అమర్చెను. 2011 ఏప్రిల్ మొదలు ఒక సంవత్సరము కొలువగా, మొదటిదానికి చదరపు మీటరుకు 38.7 యూనిట్లును, రెండవదానికి 25.7 యూనిట్లును వ్యయమయ్యెను. లెక్కలో చెప్పినది ఇటుకపై నిజమగునా యను సంశయమునకు ఇంతకంటె సూటియైన సమాధానము లేదు. ట్రిపుల్ ఐటీలోని భవనశాస్త్రవిభాగమువారు బర్క్‌లీ ప్రయోగశాలతో కలిసి హైదరాబాదు కప్పులపై తెల్లపూతను పరీక్షించి, మామూలు కాంక్రీటు కప్పుకు తెల్లపూత వేసినచో కప్పు వైశాల్యమున చదరపు మీటరుకు ఏటా 13, 14 యూనిట్ల విద్యుత్తు మిగులునని అంచనా కట్టిరి. భవనములను గణనయంత్రమున అనుకరించి పరిశీలించు శాస్త్రజ్ఞుల 14వ అంతర్జాతీయ సమావేశము 2015 డిసెంబరులో ఈ నగరముననే జరిగినది.

శాస్త్రము వెంట శాసనము నడచినది. 2001 ఇంధనపరిరక్షణ చట్టము, దానిని అనుసరించి 2007లో పెద్ద వాణిజ్యభవనములకు నియమావళి, 2014లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము దానిని రాష్ట్రమున అమలు చేయుటకు పూనుకొనుట, 2018లో నివాసగృహముల కొరకు ఎకో నివాస్ సంహిత: ఇవి వరుసగా వెలువడినవి. ఈ సంహిత కోస్తావంటి ఉష్ణార్ద్ర ప్రదేశములందు తెరచుకొను ద్వారముల, కిటికీల వైశాల్యము ఇంటి నేలలో కనీసము ఆఱవవంతు ఉండవలయునని చెప్పినది. భారతదేశపు శీతోష్ణమండలములలో అన్నిటికంటె అధికమైన భాగము ఈ మండలమునకే విధింపబడినది. కప్పు గుండ ప్రసరించు వేడి చదరపు మీటరుకు, డిగ్రీ ఒక్కింటికి 1.2 వాట్లు మించరాదనియు చెప్పినది. ఏ రక్షణయు లేని మన శ్లాబు దానికి దాదాపు మూడింతలు వేడిని లోనికి వదలును. గాలికి దారి విశాలముగా నుండవలయును, కప్పు వేడిని ఆపవలయును అని నేటి సంహిత అంకెలలో చెప్పుచున్నది. ఆత్రేయపురపు వడ్రంగి, తాపీపనివాడు చేతితో చేసి చూపినది ఇదియే.

అట్లని పాతయింటికి తిరిగి పొండని చెప్పుట పరిష్కారము కాదు. ఆ యిల్లు తుపానుకు ఓడినది, కాలమునకును ఓడినది. చేయదగినది వేరొకటి గలదు. ఈ సాధనములకు అందించు వాతావరణవివరములు ప్రాయశః విమానాశ్రయములందు, నగరములందు సేకరింపబడినవి. చెట్టు లేని మైదానమున కొలిచిన గాలి, కొబ్బరితోట నడుమ, కాలువగట్టున నున్న యింటికి వచ్చు గాలి యొకటి కావు. సాఫ్ట్‌వేర్లతో వచ్చు పదార్థముల పట్టికలలో కాంక్రీటు, ఇటుక ఉండును. మన గూనపెంకు సందుల గుండ ఎంత గాలి జారునో, మన తాటికమ్మ దళసరి ఎంతటి వేడిని ఆపునో మనమే కొలిచి చెప్పవలసియున్నది. 2023లో భౌగోళిక గుర్తింపు పొందిన పూతరేకుల విషయమునే చూడుడు. బోర్లించిన కుండ క్రింద ఎండుకమ్మల మంట, దాని ముందు గంటల తరబడి కూర్చుండి, పలుచని పిండినీటిలో ముంచిన బట్టను కుండపై పరచి క్షణములో రేకును తీయు స్త్రీ. విసురుగాలి తగిలినచో రేకు ఎగిరిపోవును గనుక ఆమె ఫంకాను వేసికొనజాలదు. రేకును కదలింపక ఆమెకు మాత్రము గాలి తగులునట్లు, మంటవేడియు పొగయు నేరుగా పైకి లేచిపోవునట్లు ఒక శాలను రూపొందించుట యీ సాధనములకు అసాధ్యము కాదు. ఆ కుండ, ఆ మంట, ఆ మనిషి లెక్కలోనికి రావలయును, అంతే.

దీనికి వలసిన సామగ్రి స్వల్పము. ఎనర్జీప్లస్ ఉచితము; ఉష్ణోగ్రతను, తేమను గంట గంటకు నమోదుచేయు చిన్న పరికరములు నేడు సులభముగా దొరకును; 1946లో విశాఖపట్టణమున పుట్టి కాకినాడకు తరలిన ఇంజనీరింగు కళాశాల నేడు విశ్వవిద్యాలయమై చేరువలోనే యున్నది. ఆ విద్యార్థులు ఒక్క సంవత్సరముపాటు ఆత్రేయపురమున నొక మండువా లోగిలిలోను, ఒక శ్లాబు ఇంటిలోను, ఒక రేకులశాలలోను ఈ పరికరములనుంచి, ఆ వివరములను ఎల్లరకును అందుబాటులో నుంచినచో, కోనసీమలో కొత్తయిల్లు కట్టదలచిన ప్రతివానికిని అది దారిచూపును. నిలిచియున్న లోగిళ్ళు ఏటేటికి తగ్గుచున్నవి; అవి కూలిన పిమ్మట కొలుచుటకు ఏమియు మిగులదు. కావున కాకినాడ, అమలాపురము, రాజమహేంద్రవరములలోని అధ్యాపకులను, ఆ లోగిళ్ళ యజమానులను ప్రార్థించుచున్నాను: రాబోవు వేసవికి ముందే ఈ పని మొదలిడుడు.